ముట్టినప్పుడు ఆ అనాలి

మొన్న ఆదివారం భూపాలపల్లిలో మేముంటున్న వీధిలో ఒక ప్లంబర్ పైపు వంచుతున్నాడు. పాత పేపర్లు ఉండచుట్టి అంటించి, ఆ మంట మీద తెల్లటి పైపు కొసను మెల్లగా తిప్పుతున్నాడు. పైపు మెత్తబడే ముందు ఒక వాసన వస్తుంది. మొదట కొంచెం తీపిగా ఉండి, వెంటనే గొంతు గరగరలాడిస్తుంది. ఎదురింటివాళ్ళు తిట్టుకుంటూ కిటికీలు మూశారు. మా ఆయన కూడా మూయబోతే వద్దని, టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. చదువు హైదరాబాదులో చదివాను గానీ, పని మాత్రం ఆ వాసనలోనే నేర్చుకున్నాను. నేర్పిన మనిషి పేరు శాంతాబాయి. ఆమె ఇప్పుడు లేదు.

మా పనేమిటో ముందు చెప్పాలి, ఎందుకంటే చాలామందికి తెలియదు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళకు చెప్పడానికి నేను పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. డాక్టరా అంటే కాదు, నర్సా అంటే కాదు. నేను ఎముకల వార్డులో ఆక్యుపేషనల్ థెరపిస్టును. విరిగిన ఎముకను డాక్టరు అతికిస్తాడు. అతికిన చేత్తో ఆ మనిషి మళ్ళీ జుట్టు దువ్వుకోవాలి, బట్టలు పిండుకోవాలి, పత్తి ఏరాలి. అక్కడిదాకా తీసుకెళ్ళడం మా పని. మహబూబాబాద్‌లో నేను మొదట చేరిన దవాఖానలో మా గది వార్డు చివర ఉండేది. బయట ‘వృత్తి చికిత్స’ అని బోర్డు. అది చూసి డిగ్రీ సర్టిఫికెట్లు పట్టుకుని ఉద్యోగం కోసం వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. శాంతాబాయి మేడం వాళ్ళను కూడా కసురుకోకుండా, బస్టాండు పక్కన ఉపాధి కార్యాలయానికి దారి చెప్పి పంపేది.

ఆమె మరిపెడ దగ్గరి ఒక తండాలో పుట్టింది. ఇంట్లో లంబాడీ మాట, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. మూడింటిలోనూ తక్కువే మాట్లాడేది. నేను చేరేనాటికి యాభై అయిదు దాటింది. నూలు చీర, కాన్వాసు బూట్లు, చెవులకు చిన్న కమ్మలు. చేతులకు ఒక్క గాజు కూడా ఉండేది కాదు. తండాల నుంచి వచ్చిన ముసలమ్మలు ఆ బోసి చేతులు చూసి ఊరుకునేవాళ్ళు కాదు. పెనిమిటి ఉండగా ఇదేం పద్ధతని అడిగేవాళ్ళు. ఆమె పనికి అడ్డమని ఒక్క ముక్క చెప్పి తన పని చూసుకునేది. చేతికి ఆసరాగా కట్టే చట్రాలను కంపెనీ ప్లాస్టిక్‌తో చేయాలంటే సరుకు ఎప్పుడూ ఉండేది కాదు. అందుకని ఆమె ప్లంబింగ్ పైపులు కొనుక్కొచ్చి, నిలువునా చీల్చి, స్టవ్ మీద వేడిచేసి, మెత్తబడ్డ ముక్కను ముందు తన ముంజేతికి గుడ్డ చుట్టుకుని దాని మీద ఒత్తి చూసుకునేది. వేడి సరిపోయిందనుకున్నాకే రోగి చేతికి తెచ్చేది. ఆమె ఎడమ ముంజేయి నిండా పాత కాలిన మచ్చలు ఉండేవి. ఆ గదిలో ‘పాపం’ అనే మాట ఎవరూ అనకూడదు. ఒకసారి ఒక రోగి ముందే నా నోట వచ్చింది. ఆమె కత్తెర బల్ల మీద పెట్టి, “గామె వినవట్టె. ఇప్పుడామెకు చెయ్యి ఇరిగిన బాధతోటి ఇంకో బాధ గూడ పెట్టినవ్,” అంది. అంతే. ఆ రోజంతా నాతో మళ్ళీ మాట్లాడలేదు.

నేను చేరిన మొదటి నెలలో మణికట్టు విరిగి అతికిన ఒక ముసలమ్మ వచ్చింది. నేను పుస్తకంలో ఉన్నట్టే మెత్తటి రబ్బరు బంతి ఆమె చేతిలో పెట్టి, పొద్దున ఇన్నిసార్లు, సాయంత్రం ఇన్నిసార్లు పిసకమని బొమ్మల కాగితం ఇచ్చాను. వారం తర్వాత వచ్చింది. చేయి ఎక్కడ ఉన్నది అక్కడే ఉంది. కొంగు ముడి విప్పి బంతిని బయటికి తీసింది. దాని మీద దుమ్ము కూడా లేదు. “సర్కారు సొమ్ము గద బిడ్డా, కరాబైతదని దాసిపెట్టిన,” అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మేడం స్టూలు జరుపుకొని ఆమె ఎదుట కూర్చుంది. నొప్పి ఎక్కడుందని అడగలేదు. “పొద్దుగాల లేసినంక మొదలు ఏం జేస్తవ్ అవ్వా?” అని అడిగింది. వాకిలి ఊడుస్తానంది. తర్వాత? తర్వాత బర్రె పాలు పిండాలి. ఇప్పుడు ఎవరు పిండుతున్నారు? కోడలు పిండబోతే తన్నింది, తాను ఎడమచేత్తో పట్టుకుంటే బర్రె పాలు చేపడం లేదు. “దానికి నా కుడిచెయ్యే ఎరుక,” అంది ముసలమ్మ కొంచెం గర్వంగానే. మేడం లేచి, ఆపరేషన్ గది నుంచి ఒక రబ్బరు గ్లౌజు తెప్పించి, నీళ్ళు నింపి ముడేసి, కిటికీ చువ్వకు వేలాడదీసింది. వేళ్ళ కొసల్లో సూదితో పొడిచింది. కింద బకెట్టు పెట్టింది. ముసలమ్మ ఒక నిమిషం దాన్ని చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, పిండడం మొదలుపెట్టింది. చాలాసేపు పిండింది. మూడు వారాలకు ఆమె బర్రె దగ్గరికి తిరిగి వెళ్ళింది. బంతి నా బల్ల మీదే ఉండిపోయింది.

ఆ తర్వాత ఒక శనివారం సాయంత్రం మేడం నా కుడిచేతిని మెడకు పట్టీ వేసి కట్టి, సోమవారం దాకా విప్పొద్దంది. నేను జనగామ నుంచి రోజూ రైల్లో వచ్చి వెళ్ళేదాన్ని. మా నాన్నకు అక్కడ సైకిళ్ళు బాగుచేసే దుకాణం ఉండేది. ఆ శనివారం రైల్లో ఎవరో లేచి సీటిచ్చారు, ఎవరో నా సంచి పట్టుకున్నారు, ఒకావిడ ఏమైందని కాజీపేట దాకా అడుగుతూనే ఉంది. ఇంటికి వెళ్ళాక సల్వార్ నాడా ముడి ఒంటిచేత్తో పడలేదు. జడ వేసుకోలేకపోయాను. అమ్మ అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెడితే ముఖం పక్కకు తిప్పుకున్నాను. సోమవారం మేడం పట్టీ విప్పుతూ, కష్టమైందా అని అడగలేదు. “ఎవ్వల మీద కోపమొచ్చింది?” అంది. సాయం చేసినవాళ్ళ మీద అన్నాను. ఆమె తలూపింది. ఆమె దగ్గర పనిచేసినన్నాళ్ళలో ఆమె నన్ను మెచ్చుకున్నది ఏదైనా ఉందంటే ఆ తలూపడమే.

ఇదంతా నేర్చుకున్నాక నేను కొంచెం మిడిసిపడ్డ మాట నిజం. రెండో ఏడాదికల్లా నాకు పని వచ్చేసిందని అనుకున్నాను. కొమురయ్య కేసు నా చేతికి వచ్చింది అప్పుడే.

కొమురయ్యది స్టేషన్ ఘన్‌పూర్ పక్క ఊరు. కల్లుగీత పని. యాభై రెండో యాభై మూడో ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి, భుజాలు మాత్రం వెడల్పు. తాటిచెట్టు మీంచి జారి పడి కుడి మోచేయి నుజ్జయితే ఆపరేషన్ చేసి ప్లేట్లు వేశారు. మోచేయి గోడకు తగిలితే చిటికెన వేలి దాకా జివ్వుమంటుందే, ఆ నరం కూడా ఆ దెబ్బకు నలిగింది. దాంతో చిటికెన వేలు, దాని పక్క వేలు మొద్దుబారాయి. ప్లేట్లు కుదురుకున్నాక అతన్ని మా గదికి పంపారు. అలాంటి రోగి నాకు మళ్ళీ దొరకలేదు. చెప్పినదానికి రెండింతలు చేసేవాడు. బస్సు తప్పితే లారీ ఎక్కి వచ్చేవాడు. మోచేయి మడతపడింది, పిడికిలి బలం తిరిగొచ్చింది, తడి బట్టను నీటి చుక్క లేకుండా పిండి చూపించాడు. వచ్చిన ప్రతిసారీ ఒకటే అడిగేవాడు. “చీటీ ఎప్పుడిస్తవ్ బిడ్డా?”

ఆ చీటీ కథ వేరే. వాళ్ళ ఊళ్ళో గీసేవాళ్ళంతా ఏటా గీత మొదలయ్యే ముందు కూర్చుని తాటిచెట్లు పంచుకుంటారు. ఎవరి చెట్లు వాళ్ళకు తండ్రుల నుంచి వచ్చినవే ఉంటాయి. కానీ వరుసగా రెండేళ్ళు చెట్టెక్కని మనిషి చెట్లు ఇంకొకరికి వెళ్ళిపోతాయి. ఒకసారి వెళ్ళినవి తిరిగి రావు. కొమురయ్యకు ఒక ఏడాది అప్పటికే పోయింది. పైగా అతను పడ్డాడు కాబట్టి, ఎక్కవచ్చని దవాఖాన నుంచి రాసి తెస్తే తప్ప పంపకంలో అతన్ని లెక్కలోకి తీసుకోబోమని పెద్దమనుషులు చెప్పారు. ఇంకో రెండు వారాల్లో పంపకం. అతనికి తెలిసిన పని అదొక్కటే. ఆ వయసులో ఇంకొకటి నేర్చుకునే ఉద్దేశం కూడా అతనికి లేదు.

చీటీ రాసే ముందు వేళ్ళకు స్పర్శ చూడాలి. రోగి కళ్ళు మూసుకుంటాడు. మనం సన్నటి దారం లాంటి దానితో ఒక్కో వేలి కొసను తాకుతాం. ముట్టినప్పుడు ‘ఆ’ అనాలి, ఏ వేలో చెప్పాలి. నేను బొటనవేలి నుంచి మొదలుపెట్టి వరుసగా వెళ్ళాను. చిటికెన వేలి దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చాను. కొమురయ్య ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. నాకు భలే సంతోషమేసింది. అప్పటికప్పుడే చీటీ రాసి, “ఇగ చెట్టెక్కొచ్చు బాపూ,” అన్నాను. అతను కళ్ళు తెరిచి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. సంతకం కోసం చీటీ మేడం దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆమె చీటీ రెండుసార్లు చదివింది. “మోకు తెచ్చిండా?” అని అడిగింది. చెట్టును, మనిషి నడుమును కలిపి చుట్టుకునే మందపాటి తాడును మోకు అంటారు. దవాఖానకు మోకు ఎందుకు తెస్తాడు అన్నాను. “ఎక్కేటోనికి ఎక్కొచ్చని రాస్తానవ్. ఆయన ఎక్కంగ నువ్వు సూసినవా? బర్రె గల్ల అవ్వకు గ్లౌజు గట్టినం. గీయనకేం గట్టినం?” అంది. కోపంగా కాదు, లెక్క సరిచూసుకుంటున్నట్టు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. బయట కొమురయ్య నవ్వుముఖంతో నిలబడి ఉన్నాడు. సోమవారం మోకూ కత్తులూ తీసుకుని రమ్మని చెప్పాను. అతని ముఖంలో నవ్వు కొంచెం తగ్గింది. అప్పుడు నాకది పట్టలేదు.

సోమవారం దవాఖాన వెనక నీళ్ళ ట్యాంకు దగ్గరికి వెళ్ళాం. వార్డులో లేవగలిగినవాళ్ళంతా కర్రలు పట్టుకుని వచ్చి చుట్టూ నిలబడ్డారు. ట్యాంకు ఇనుప స్తంభానికి మోకు చుట్టి నడుముకు వేసుకోగానే కొమురయ్య మనిషే మారిపోయాడు. పాదాలు స్తంభానికి ఆనించి వెనక్కి వాలి మోకు మీద బరువు వేశాడు. ఎక్కొద్దు, నేల మీదనే చేసి చూపించమని మేడం అంది. చేశాడు. మోకును పైకి ఎగరేసి జరిపే తీరు, రెండు చేతులూ వదిలేసి నిలబడే తీరు చూసి చుట్టూ ఉన్నవాళ్ళు భేష్ అన్నారు. నేను మేడం వైపు చూశాను. చూశావా అన్నట్టే చూశాను.

“కొమురన్నా, చెట్టు మీదికి పోయినంక కత్తి ఎట్ల దీస్తవ్?” అని అడిగింది ఆమె.

అతని నడుము వెనక కత్తుల పెట్టె కట్టి ఉంది. కుడిచెయ్యి వెనక్కి పెట్టి, మెడ తిప్పి చూస్తూ, కత్తి తీశాడు. బాగా తీశాడు.

“మళ్ళ పెట్టు. గిటు నా మొఖం సూసుకుంట తియ్యి. పైన మెడ తిప్పుతవా నువ్వు?”

కొమురయ్య కత్తి మళ్ళీ పెట్టెలో పెట్టాడు. ఆమె ముఖం చూస్తూ చేయి వెనక్కి పెట్టాడు. కొంచెం ఆలస్యమైంది. పెట్టెలో కత్తులు ఒకదానికొకటి తగిలిన చప్పుడు వినబడింది. తర్వాత కత్తి పట్టుకుని చేయి ముందుకు తెచ్చాడు. అతని ముఖంలో ఊపిరి పీల్చుకున్న నవ్వు కనిపించింది. చుట్టూ ఎవరూ భేష్ అనలేదు. అతని చిటికెన వేలి కొస నుంచి నెత్తురు కారుతోంది. రెండో కత్తి అంచు తెగ్గోసింది. చొక్కా మీద, మోకు మీద, నేల మీద చుక్కలు పడుతున్నాయి. అక్కడున్న అందరికీ కనబడుతోంది. అతనొక్కడే ఇంకా నవ్వుతున్నాడు, మేడం ఏం చెబుతుందా అని ఆమె ముఖం చూస్తున్నాడు.

ఆమె ముందు తన కొంగుతో ఆ వేలు పట్టుకుంది. “తప్పు నాది కొమురన్నా. కత్తులకు గుడ్డ జుట్టియ్యకపోతి,” అంది. గట్టిగానే అంది, అందరికీ వినబడేట్టు. అప్పుడు అతను కిందికి చూశాడు. చూసి, తన చేతిని తనది కాదన్నట్టు కాసేపు అలాగే పట్టుకున్నాడు.

కట్టు కట్టాక ఆమె నన్ను పక్కకు పిలిచి, “చీటీ రాసింది నువ్వు. నువ్వే చెప్పు,” అంది. అంత కష్టమైన మాట అంతకు ముందు నేనెవరికీ చెప్పలేదు. వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్న కొమురయ్య ముందు నిలబడి, ఈ ఏడు చెట్టెక్కరాదు బాపూ, వేళ్ళకు తెలుస్తలేదు అన్నాను.

“వేళ్ళకు తెల్వదని నాకెప్పుడో ఎరుకే బిడ్డా,” అన్నాడు కొమురయ్య. “నువ్వు ముట్టినప్పుడల్లా నీ గాజులు సప్పుడైనయ్. గా సప్పుడుకు ‘ఆ’ అన్న. వరుసగ వస్తాంటివి, ఎన్నో వేలో లెక్కవెట్టుకున్న. అంతే.” కట్టు కట్టిన వేలు చూసుకుని, “నువ్వు మంచిదానివే. తప్పు నాదే. తాటిచెట్లు పోతయని అబద్ధమాడిన,” అన్నాడు.

నా చేతులకు డజను మట్టిగాజులు ఉన్నాయి, అమ్మ కొత్తగా వేయించినవి. మేడం చేతులు బోసిగా ఎందుకుంటాయో నాకు అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను. అతను ఆ చీటీ పట్టుకుని వెళ్ళి ఉంటే ఏమయ్యేదో కూడా అప్పుడే కళ్ళకు కట్టింది. నీళ్ళు తెస్తానని చెప్పి లోపలికి వెళ్ళబోయాను. నీళ్ళు ఎవరూ అడగలేదు. మేడం నా చేయి పట్టి ఆపింది. తాను వెళ్ళి కొమురయ్య పక్కన నేల మీద కూర్చుంది. నన్నూ కూర్చోమని కళ్ళతోనే చెప్పింది. కూర్చున్నాను.

ఆమె ఓదారుస్తుందేమో, నేర్చుకుందామని చూశాను. ఏమీ అనలేదు. లోపల మా గది ముందు లైను పెరుగుతోంది. నర్సు ఒకామె వచ్చి, “మేడం, పేషెంట్లు లొల్లి చేస్తాన్లు,” అని చెప్పి వెళ్ళింది. మేడం తలూపి అక్కడే కూర్చుంది. చాలాసేపటికి కొమురయ్య తన చెట్ల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరూ అడగలేదు, అతనే చెప్పాడు. చెరువు కట్ట కింది వంకతాడు, వంగి పెరిగిన ఆ తాటిచెట్టునే వాళ్ళ నాయన అతనితో మొదటిసారి ఎక్కించాడు. బాయికాడి జంటతాళ్ళు, ఒకదాని కల్లు తీపి, ఇంకొకదానిది పులుపు. పిడుగు పడినా బతికిన ఒకటి. పెళ్ళైన ఏడాది గీసినది ఒకటి. మేడం మధ్యమధ్యలో అది ఎంత ఎత్తుంటది, ఏ పక్క నుంచి ఎక్కుతవ్ అని అడిగేది. చెట్లన్నీ అయిపోయాక అతను తువ్వాలతో ముఖం తుడుచుకుని లేచాడు. అప్పుడు ఆమె లేచింది, మోకాళ్ళు పట్టుకుని కష్టంగా. లోపలికి నడుస్తూ నాతో, “చెప్పినంక మనం ముందు లేవొద్దు. ఆయన లేసేదాంక కూసోవాలె. లేసిపోతే చెప్పి పారేసినట్టుంటది,” అంది. గాజుల సంగతి ఆ రోజే కాదు, తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

ఆమె ఇంకో చీటీ రాసింది. ఈ ఏడు ఎక్కరాదనీ, నరం మెల్లగా పెరుగుతుంది కాబట్టి వేళ్ళకు స్పర్శ రావచ్చనీ, ఇంకో ఏడాది చూసి చెబుతామనీ రాసింది. ఆ చీటీతో ఆదివారం తానే వాళ్ళ ఊరికి వెళ్ళి పెద్దమనుషులతో మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు. కొమురయ్య చెట్లను ఆ ఏడాదికి అతని అన్న కొడుకు గీసేట్టు, మరుసటి ఏటి పంపకం దాకా పేరు మార్చకుండా ఉంచేట్టు ఒప్పుకున్నారు. ఆ వేసవిలో ఆమె రిటైరైంది. పూలదండ వేస్తుంటే విసుక్కుంది. గది తాళాలు నా చేతిలో పెట్టి, స్టవ్ మంట జాగ్రత్త అని చెప్పి, మరిపెడ బస్సెక్కింది. మేము మళ్ళీ కలుసుకోలేదు. రెండేళ్ళ తర్వాత పోయిందని ఎవరో ఫోనులో చెప్పారు. వెళ్ళాల్సింది, వెళ్ళలేదు. దానికి నా దగ్గర చెప్పుకోదగ్గ కారణం లేదు.

మరుసటి ఏడు పంపకానికి నాలుగు రోజుల ముందు కొమురయ్య వచ్చాడు. మేడం లేదని చెబితే, “ఎరుకే. నీ కాడికే వచ్చిన,” అన్నాడు. స్టూలు మీద కాకుండా నేల మీద కూర్చున్నాడు. నేను అడగకముందే భుజం మీది తువ్వాల తీసి తన కళ్ళకు తానే కట్టుకున్నాడు. రెండు చుట్లు చుట్టి, వెనక ముడి బిగించి, కుడిచేతిని అరచేయి పైకి పెట్టి చాచాడు. నేనూ నేల మీద కూర్చున్నాను.

ఈసారి నా చేతులకు గాజులు లేవు, వరుసలోనూ వెళ్ళలేదు. చూపుడు వేలు. ఆ అన్నాడు. బొటనవేలు. ఆ. చిటికెన వేలి పక్కది ముట్టాను. ఒక క్షణం ఆగి ఆ అన్నాడు, ఏ వేలో కూడా చెప్పాడు. నా గుండె ఎగిరింది. మధ్య వేలు, ఆ. చిటికెన వేలు. ఏమీ అనలేదు. ఇంకొంచెం ఆగాను. మళ్ళీ పక్క వేలు, ఆ. మళ్ళీ చిటికెన వేలు. అతను తల కొంచెం వంచి వింటున్నట్టు కూర్చున్నాడు. మూడోసారి కొంచెం గట్టిగానే ఒత్తాను, అలా ఒత్తకూడదని తెలిసి కూడా. బయట ఎవరి చేతికర్రో నేల మీద టకటకమంటూ వెళ్ళింది. గదిలో చప్పుడు లేదు.

“ముట్టినవా బిడ్డా?” అన్నాడు కొమురయ్య.

“ముట్టిన బాపూ.”

అతను తువ్వాల విప్పలేదు. చాచిన చేతిని మెల్లగా ఒళ్ళోకి తీసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. కళ్ళకు తువ్వాల ఉంది కాబట్టి కనబడదులే అనుకుని ఏడ్చాను. బయట లైను పెరిగింది. ఎవరో తలుపు కొట్టారు, ఎవరో పేరు పెట్టి తిట్టారు. నీళ్ళు తేవాలనీ, కిటికీ వేయాలనీ, కాగితాలు సర్దాలనీ, లేవడానికి పనికొచ్చే పనులన్నీ ఒకటొకటిగా గుర్తొచ్చాయి. లేవలేదు. ఎంతసేపని చూడలేదు. ఆఖరికి అతను ముడి విప్పుకుని, వెలుతురుకు కళ్ళు చిట్లించి, గోడ పట్టుకుని లేచాడు. అప్పుడు నేను లేచాను. ఆ నాలుగో రోజున అతని చెట్లు అన్న కొడుకు పేరు మీదికి వెళ్ళాయి. కొమురయ్య ఇప్పుడు ఊరి బయట జనం కూర్చుని తాగే మండువలో కల్లు పోస్తున్నాడని, ఏ లొట్టిలోని కల్లు ఏ చెట్టుదో వాసన చూసి చెబుతాడని ఆ ఊరివాళ్ళు చెప్పారు.

భూపాలపల్లికి వచ్చి చాలా ఏళ్ళయింది. ఇక్కడ బొగ్గు గనుల్లో చేతులు నలిగినవాళ్ళు, చుట్టుపక్కల పొలాల్లో ట్రాక్టర్ కింద పడ్డవాళ్ళు వస్తుంటారు. అందరికీ మంచిమాట చెప్పడం కుదరదు. చెప్పాల్సింది చెబుతాను, చెప్పాక కూర్చుంటాను. కొందరు వెంటనే లేస్తారు, కొందరు తిడతారు, ఒకాయన పొద్దుగూకేదాకా కూర్చుని నిద్రపోయాడు. నా గదిలో పని చాలా ఆలస్యంగా నడుస్తుందని పైవాళ్ళకు తరచూ ఫిర్యాదులు వెళ్తుంటాయి. సంజాయిషీ అడిగితే రాసిస్తాను. ఆలస్యమవుతున్న మాట నిజమేనని రాస్తాను.